ఇంట్లో చేసే నిమ్మ ఐస్ టీ చేదుగా, మబ్బుగా మారుతోంది. ఎక్కడ సరిచేసుకోవాలి?

గంటస్తంభం_వీధి

వేసవి మధ్యాహ్నాల్లో ఇంటికి వచ్చిన బంధువులకు సీసా పానీయాలు పోసి ఇవ్వడం మానేసి, నిమ్మరసం కలిపిన చల్లని టీ ఇవ్వాలని ఈ ఏడాది మా ఇంట్లో అనుకున్నాం. నీళ్లలో టీ పొడి వేసి బాగా మరిగించి, వడకట్టి, పంచదార, నిమ్మరసం కలిపి, ఆ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పొయ్యి మీద నుంచి దించినప్పుడు ఎర్రగా, తేటగా కనిపించే డికాషన్ చల్లబడేసరికి మబ్బు పట్టినట్టు తయారవుతోంది. తాగితే ముందు వగరు, ఆ తరువాత గొంతులో చాలాసేపు నిలిచిపోయే చేదు తగులుతున్నాయి. నిమ్మకాయలు ఎక్కువ పిండితే పులుపు పెరుగుతోందే తప్ప చేదు తగ్గడం లేదు.

వాడుతున్నది పాల టీకి తెచ్చుకునే మామూలు సీటీసీ పొడి. నీళ్లు మా పెరటి బోరువి. పొడి మార్చాలా, నీళ్లు మార్చాలా, పద్ధతి మార్చాలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను. నీళ్లలో కలుపుకొనే ఐస్ టీ పొట్లాలు కొనమని మాత్రం దయచేసి చెప్పకండి. నేను చూసిన పొట్లాల మీద పదార్థాల పట్టికలో మొదటి పేరు పంచదారదే.

టెక్కలి_టీకొట్టు

పొడి సంగతి, నీళ్ల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ మరిగించడం ఆపండి. పాల టీకి పొడిని మరిగించడం సరైనదే, ఎందుకంటే టీలోని వగరును పాలలోని ప్రోటీన్ పట్టుకొని నాలుకకు అంతగా తగలనివ్వదు. పాలు లేని టీలో ఆ అడ్డు లేదు కనుక మరిగించినకొద్దీ దిగిన వగరంతా నేరుగా నాలుక మీదకే వస్తుంది.

నీళ్లు తెర్లగానే పొయ్యి ఆపి, లీటరుకు రెండు చిన్న చెంచాల సీటీసీ పొడి వేసి, మూత పెట్టి, రెండు నిమిషాలకు వడకట్టండి. జాలిలో మిగిలిన పిప్పిని చెంచాతో నొక్కి పిండకండి, ఎందుకంటే చివరి చుక్కల్లోనే వగరు ఎక్కువగా ఉంటుంది. మా కొట్టులో నిమ్మ టీ అడిగేవారికి ఇలాగే చేసి ఇస్తున్నాము.

ఆమదాలవలస_పాసింజర్

రెండు నిమిషాల్లో రంగు దిగుతుందని నాకు నమ్మకం కలగడం లేదు. మా ఇంట్లో ఐదు నిమిషాలు మరిగితేనే టీ అంటారు.

టెక్కలి_టీకొట్టు

సీటీసీ అంటేనే ఆకును నలిపి, చింపి, చుట్టి గుళికలుగా చేసిన పొడి. అంత సన్నటి ముక్క నుంచి రంగు చాలా త్వరగా దిగుతుంది. ఒక గాజు గ్లాసులో వేడి నీళ్లు పోసి, పొడి చల్లి గమనించండి. మీకే తెలుస్తుంది.

నాగావళి_ఒడ్డున

టెక్కలి గారు చెప్పినది చేదుకు పూర్తిగా సరిపోతుంది. మబ్బుకు కారణం వేరు. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను కనుక ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

టీలో కెఫీన్ ఉంటుంది, పాలీఫినాల్స్ అనే పదార్థాలూ ఉంటాయి. నీళ్లు వేడిగా ఉన్నంతసేపు ఈ రెండూ విడివిడిగా కరిగి ఉంటాయి కాబట్టి డికాషన్ తేటగా కనిపిస్తుంది. చల్లబడుతున్నప్పుడు అవి ఒకదానితో ఒకటి కలిసి, కరగని సన్నటి రేణువులుగా మారి నీళ్లలో తేలుతూ ఉంటాయి. గంటస్తంభం వీధి గారికి కనిపిస్తున్న మబ్బు అదే. అది చెడిపోవడం కాదు, దానివల్ల హాని కూడా లేదు. ఆ గ్లాసులో కొద్దిగా వేడి నీళ్లు పోసి కలిపితే మళ్లీ తేటపడుతుంది.

ఈ మబ్బు రెండు సందర్భాల్లో ఎక్కువవుతుంది. డికాషన్ ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువగా వస్తుంది, అందువల్ల బాగా మరిగించిన డికాషన్‌ను అలాగే ఫ్రిజ్‌లో పెడితే తప్పించుకోవడం కష్టం. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉన్నా, అంటే కఠినజలమైనా, పెరుగుతుంది. మీ బోరు నీళ్లతో కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందేమో చూడండి. కడుతుంటే శుద్ధి చేసిన తాగునీటితోనే టీ చేయండి. అది వీలుకాకపోతే ఆ నీళ్లను ముందు బాగా కాచి, చల్లార్చి, తేరిన తరువాత పైనీటిని వంచుకొని వాడండి. కఠినత్వంలో కొంత భాగమైనా అడుగున దిగిపోతుంది.

గంటస్తంభం_వీధి

గిన్నె అడుగున తెల్లటి పొర కడుతున్న మాట నిజమే. నిమ్మరసం పోయగానే రంగు ఒక్కసారిగా తేలికపడి లేత తేనె రంగులోకి వస్తోంది. ఇది కూడా నీళ్ల ప్రభావమేనా?

నాగావళి_ఒడ్డున

కాదు, అది నిమ్మరసపు పని. నల్ల టీకి ఆ ముదురు ఎరుపు రంగునిచ్చే థియారూబిజిన్స్ అనే పదార్థాలు ఆమ్లం తగలగానే లేత రంగుకు మారుతాయి. రంగు తగ్గిందని పొడి పెంచకండి. రుచి తగ్గలేదు, రంగే తగ్గింది.

బొబ్బిలి_వీణ

ఇంత శ్రమ లేకుండా చన్నీళ్లలో నానబెట్టే పద్ధతి ఉందని ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. లీటరు చన్నీళ్లలో పది పన్నెండు గ్రాముల ఆకు టీ వేసి, మూత పెట్టి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం వడకట్టుకుంటే సరిపోతుంది. చల్లటి నీళ్లలోకి వగరు, కెఫీన్ తక్కువగా దిగుతాయి కాబట్టి చేదు ఉండదు. మబ్బు కూడా దాదాపు రాదు. మా ఇంట్లో వేడి పద్ధతిని పూర్తిగా వదిలేశాము. ఆకు టీ దొరికితే నీలగిరి ఆకును ఎంచుకోండి, చల్లార్చినా తేటగా నిలుస్తుందని దానికి ఎప్పటినుంచో పేరుంది.

టెక్కలి_టీకొట్టు

వీణ గారి పద్ధతిని తీసిపారేయడం లేదు గానీ, చన్నీళ్లలో దిగిన టీకి సువాసన ఉంటుంది, నిండుదనం ఉండదు. దానిలో నిమ్మరసం, పంచదార పడి, ఆపైన ఐసు కరిగితే టీ ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. పైగా చుట్టాలు ముందురోజు రాత్రి చెప్పి వచ్చేవారు కాదు కదా.

బొబ్బిలి_వీణ

ఆకు కాస్త పెంచి, గ్లాసులో ఐసు తగ్గిస్తే ఆ లోటు తీరుతుంది. ముందే చల్లగా ఉన్న టీకి గ్లాసు నిండా ఐసు అవసరం లేదు.

చీపురుపల్లి_చిన్నమ్మ

గాజు సీసాలో నీళ్లు, టీ ఆకు వేసి ఎండలో నాలుగైదు గంటలు పెడితే గ్యాసు ఖర్చు లేకుండా టీ దిగుతుందని మా మనవరాలు ఫోనులో చూపించింది. మన జిల్లాలో ఎండకు లోటు లేదు. ఎవరైనా చేసి చూశారా?

నాగావళి_ఒడ్డున

చిన్నమ్మ గారూ, దయచేసి ఆ పద్ధతి వద్దు. ఎండలో పెట్టిన సీసా నీళ్లు గోరువెచ్చన దాటి కొంచెం వేడెక్కుతాయి, అంతే. సూక్ష్మజీవులు చావడానికి ఆ వేడి చాలదు, పెరగడానికి మాత్రం చక్కగా సరిపోతుంది. పూర్తిగా వేడి చేయాలి, లేదా పూర్తిగా ఫ్రిజ్ చల్లదనంలో ఉంచాలి. మధ్యలో గంటల తరబడి ఉంచడం ఏ తినే వస్తువుకూ మంచిది కాదు. వీణ గారి పద్ధతిలో కూడా నీళ్లు ఎక్కడా మరగవు కనుక కాచి చల్లార్చిన నీళ్లనో, శుద్ధి చేసిన నీళ్లనో వాడడం తప్పనిసరి.

చీపురుపల్లి_చిన్నమ్మ

ఈ సంగతి మనవరాలికి కూడా చెబుతాను. అడగడం మంచిదయింది.

రాజాం_నిమ్మతోట

ఇంతవరకు అందరూ టీ గురించే మాట్లాడారు. పానీయంలో సగం పని చేసే నిమ్మకాయ గురించి ఎవరూ మాట్లాడలేదు. గంటస్తంభం వీధి గారి చేదులో కొంత వాటా నిమ్మకాయది కూడా అయి ఉండవచ్చని నా అభిప్రాయం. నిమ్మజాతి కాయల్లో వాసన అంతా పైనున్న రంగు తొక్కలో, అందులోని నూనె తిత్తుల్లో ఉంటుంది. చేదు దాని కింద ఉన్న తెల్ల పొరలోనూ, గింజల్లోనూ ఉంటుంది. లోహపు స్క్వీజర్‌లో కాయను పెట్టి గట్టిగా నొక్కితే రసంతోపాటు తొక్క, తెల్ల పొర, గింజలు నలిగి ఆ చేదును కూడా దించుతాయి. గింజలు తీసేసి, చేత్తో మెత్తగా పిండి, ఆఖరి చుక్క కోసం పట్టుబట్టకుండా వదిలేయండి.

వాసన కోసం వేరే పని చేయాలి. కాయను బాగా కడిగి, పీలర్‌తో పై రంగు తొక్కను మాత్రం పలుచగా రెండు మూడు పేలికలు తీసి, వడకట్టిన వేడి డికాషన్‌లో ఐదు నిమిషాలు ఉంచి తీసేయాలి. రసం మాత్రం టీ చల్లారాకే కలపాలి. వేడిలో పోసిన నిమ్మరసం తాజా వాసనను పోగొట్టుకొని ఉడికిన పులుపులా మిగులుతుంది, అందులోని సీ విటమిన్ కూడా కొంత నష్టమవుతుంది. కొలత కావాలంటే లీటరు టీకి రెండు మూడు మధ్యస్థమైన కాయల రసం, అంటే 40 నుంచి 50 మిల్లీలీటర్లు సరిపోతుంది. అంతకు మించితే అది టీ కలిపిన నిమ్మరసం అవుతుంది.

ఆమదాలవలస_పాసింజర్

తొక్కను వేడి డికాషన్‌లో వేయమన్నారు. కాయల మీద మందు చల్లి ఉంటే అది కూడా టీలోకే దిగుతుంది కదా?

రాజాం_నిమ్మతోట

న్యాయమైన అనుమానమే. పెరటి చెట్టు కాయ గానీ, మందు కొట్టలేదని మీకు నమ్మకంగా తెలిసిన కాయ గానీ దొరికినప్పుడే తొక్క వాడండి. బజారు కాయ అయితే గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడగండి, అప్పటికీ సందేహం తీరకపోతే తొక్క జోలికి వెళ్లకండి. దానికి బదులు పెరట్లో నిమ్మచెట్టో, దబ్బచెట్టో ఉంటే నాలుగు లేత ఆకులు నలిపి వేడి డికాషన్‌లో వేసి తీయండి. మజ్జిగలో దబ్బాకు నలిపి వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. టీలో కూడా ఆ వాసన చక్కగా కలుస్తుంది, చేదు కూడా దిగదు.

చీపురుపల్లి_చిన్నమ్మ

దబ్బాకు మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఆకు ఈనె తీసేసి వేయండి, ఈనెలో కాస్త చేదు ఉంటుంది. దబ్బకాయ రసం కూడా నేను పులిహోరకు తీసినట్టే తీసి టీలో కలిపి చూశాను. నిమ్మకన్నా పులుపు నెమ్మదిగా ఉండి, వాసన ఎక్కువసేపు నిలిచింది.

బొబ్బిలి_వీణ

మా పిల్లలకు నిమ్మ పులుపు నచ్చదు కాబట్టి బత్తాయి రసం కలుపుతున్నాను. తాజాగా ఉన్నప్పుడు చాలా బాగుంటుంది. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీస్తే చేదెక్కుతోంది. టీలో చేదు లేదని ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే విడిగా ఉంచిన టీ బాగానే ఉంది.

నాగావళి_ఒడ్డున

వీణ గారూ, అది బత్తాయి స్వభావం. ఆ కాయలో చేదులేని ఒక పదార్థం ఉంటుంది. కాయను పిండి రసం తీశాక అది రసంలోని ఆమ్లంతో కలిసి, కొన్ని గంటల్లో లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అందుకే బండి దగ్గర అప్పటికప్పుడు తాగిన బత్తాయి రసం తియ్యగా ఉంటుంది, సీసాలో పట్టుకెళ్లినది ఇంటికి చేరేసరికి చేదవుతుంది. టీని ముందే చేసి ఉంచుకోండి గానీ బత్తాయి రసాన్ని మాత్రం గ్లాసులో పోసే ముందే పిండి కలపండి. పంపర పనసలో చేదు వేరే రకం, అది తొనల పైపొరలో మొదటినుంచీ ఉంటుంది. ఆ పొర పూర్తిగా ఒలిచి లోపలి ముత్యాలను మాత్రమే గ్లాసులో వేసుకుంటే బాగుంటుంది.

నెల్లిమర్ల_పాతకాపు

ఇంత చర్చ చదివాక కూడా నాకు ఒక సందేహం మిగిలింది. మజ్జిగ ఉంది, చోడి అంబలి ఉంది, నిమ్మరసంలో ఉప్పు వేసుకొని తాగవచ్చు. మన ఎండకు మన పెద్దలు కనిపెట్టిన ఇన్ని ఉండగా ఎవరి దేశపు అలవాటో తెచ్చి ఇంత తంటాలు పడడం దేనికి?

ఆమదాలవలస_పాసింజర్

పాతకాపు గారూ, వేడి టీ మాత్రం మన తాతల కాలం నుంచి ఉన్నదా? అదీ బయట నుంచి వచ్చి మన ఊళ్లలో స్థిరపడినదే. ఐస్ టీ 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనలో బాగా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ దానిని జనానికి పోసిన రిచర్డ్ బ్లెచిండెన్ భారతదేశపు టీకి ప్రచారం చేయడానికి వెళ్లినవాడే. ఆయనే కనిపెట్టాడని కొందరు చెబుతారు గానీ, అంతకు ముందే 1870లలో అచ్చయిన వంటల పుస్తకాల్లో చల్లని టీ ఉంది. ఆ ప్రదర్శనలో పోసిన ఆకు మాత్రం మన దేశానిదే.

చీపురుపల్లి_చిన్నమ్మ

అంబలి పొద్దున కడుపు నింపడానికి, మజ్జిగ మధ్యాహ్నం అన్నం తరువాత తాగడానికి, ఇది సాయంత్రం నలుగురు కూర్చున్నప్పుడు తాగడానికి. ఒకటి వచ్చిందని మరొకటి పోనక్కరలేదు, పాతకాపు గారూ. మా ఇంటికి వస్తే మూడూ ఇస్తాను.

నెల్లిమర్ల_పాతకాపు

అంబలి ఇస్తానన్నారు కనుక మిగతా రెండూ తాగుతాను. ఎండలో పనిచేసి వచ్చినవారికి మాత్రం ఈ టీ ఇచ్చి ఊరుకోకండి. వారికి ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో ముందు ఇవ్వాలి. ఈ మాట మీద నేను వెనక్కు తగ్గను.

నాగావళి_ఒడ్డున

పాతకాపు గారి చివరి మాటతో నేను ఏకీభవిస్తున్నాను.

బుడితి_ఇత్తడి

పాత్రల గురించి ఒక మాట చెప్పడం నా బాధ్యత. చల్లని పానీయాలు మా ఊరి ఇత్తడి బిందెల్లో, చెంబుల్లో పెడితే అందంగా ఉంటుందని ఈ మధ్య చాలామంది కొనుక్కు వెళుతున్నారు. అమ్ముడుపోతే మాకు సంతోషమే గానీ, నిమ్మరసం కలిపిన టీని కళాయి లేని ఇత్తడిలో గానీ, రాగిలో గానీ పోయవద్దు. పులుపు తగిలితే రాగి కరిగి పానీయంలోకి దిగుతుంది, రుచి చెడుతుంది, కడుపులో వికారం కూడా కలుగుతుంది. అల్యూమినియం గిన్నెలో కూడా పులుపును నిలవ ఉంచకండి. గాజు, పింగాణీ, స్టీలు మంచివి. మా ఇత్తడి పాత్రను పళ్లెంలా ఐసు పోసుకోవడానికి వాడుకోండి, దాని మధ్యలో గాజు జాడీ నిలబెట్టండి. అందం, ఆరోగ్యం రెండూ దక్కుతాయి.

గంటస్తంభం_వీధి

పెద్ద ఇత్తడి గంగాళంలోనే కలుపుదామని అత్తగారు అన్నారు, మీ మాట వారికి చదివి వినిపించాను. ఇక తీపి సంగతి అడగాలి. పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేస్తే ఎలా ఉంటుంది?

టెక్కలి_టీకొట్టు

వేడి బెల్లం టీ వేరు, ఇది వేరు. బెల్లానికి తనదైన రుచి, రంగు బలంగా ఉంటాయి. నిమ్మ వాసనను అది మింగేస్తుంది, టీ కూడా మబ్బుగా, నల్లగా కనిపిస్తుంది. తేటదనమే మీ మొదటి ఫిర్యాదు కనుక పంచదారే వాడండి.

చీపురుపల్లి_చిన్నమ్మ

టెక్కలి గారితో ఇక్కడ నాకు కుదరదు. బెల్లాన్ని నీళ్లలో కరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టి, అల్లం ముక్క దంచి వేసి, దబ్బ రసం కలిపితే అది పానకానికి దగ్గరి చుట్టం. తేటగా కనిపించకపోయినా తాగినవారు రెండో గ్లాసు అడుగుతారు. అతిథికి కావలసింది రుచి.

బొబ్బిలి_వీణ

ఏది వేసినా వేడి మీదే కరిగించాలి, లేదా ముందే పంచదార, నీళ్లు సమానంగా తీసుకొని కాచి, చల్లార్చి సీసాలో ఉంచుకోవాలి. చల్లని టీలో పంచదార వేస్తే త్వరగా కరగదు, అడుగున ఉండిపోతుంది. ఇలా విడిగా ఉంచితే షుగర్ ఉన్నవారికి తీపి లేకుండా, పిల్లలకు కాస్త తీపిగా ఎవరి గ్లాసు వారికి కలిపి ఇవ్వవచ్చు. లీటరుకు 60, 70 గ్రాముల పంచదార మాకు చాలు. సీసా కోలాల్లో లీటరుకు వంద గ్రాములకు పైగా ఉంటుంది.

రాజాం_నిమ్మతోట

చిటికెడు ఉప్పు కూడా వేసి చూడండి. ఉప్పగా అనిపించనంత కొద్దిగా వేయాలి. నాలుకకు చేదు తెలియడాన్ని ఉప్పు తగ్గిస్తుంది.

ఉద్దానం_కొబ్బరి

చర్చ అంతా చదివాను. మా ప్రాంతం నుంచి ఒక విన్నపం చేయాలని అనిపించింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస చుట్టుపక్కల ఊళ్లలో మూత్రపిండాల వ్యాధి ఎంత విస్తారంగా ఉందో ఇక్కడి సభ్యులందరికీ తెలుసు. దానికి కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. టీకి దానితో సంబంధం ఉందని నేను అనడం లేదు. అయితే ఆ వ్యాధి ఇప్పటికే ఉన్నవారికి అతిథి మర్యాదగా ఈ గ్లాసు అందించే ముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, డయాలిసిస్ చేయించుకుంటున్నవారిలో చాలామందికి రోజుకు ఇన్ని నీళ్లే తాగాలన్న కొలత ఉంటుంది. బత్తాయి, కమలా వంటి పళ్ల రసాల్లో పొటాషియం ఉంటుంది కనుక వాటికీ హద్దు ఉంటుంది. ఎండలో వచ్చారు కదా అని బలవంతంగా రెండో గ్లాసు పోయడం వారికి మేలు చేయడం కాదు. రెండోది, నల్ల టీలో ఆక్సలేట్ ఉంటుంది, అది మరీ ఎక్కువైతే మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో రోజుకు పదహారు గ్లాసుల ఐస్ టీ తాగిన ఒక వ్యక్తికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ అవసరమైందని 2015లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. అది అతిగా తాగడం వల్ల జరిగినది, రోజుకు ఒకటి రెండు గ్లాసులు తాగే ఆరోగ్యవంతులు భయపడనక్కరలేదు. వేసవిలో మంచినీళ్ల బదులు రోజంతా ఇదే తాగే అలవాటు మాత్రం ఎవరికీ చేయకండి. మా ఇంట్లో రోగి ఉన్నారు కాబట్టి ఇంత రాశాను. వారి విషయంలో వైద్యుడు చెప్పిన కొలతే చివరి మాట.

గంటస్తంభం_వీధి

ఉద్దానం కొబ్బరి గారూ, మా బంధువుల్లో కూడా అటువైపు వారు ఉన్నారు. వారిని అడిగి, వారి కొలత తెలుసుకొని ఇస్తాము. ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు.

నాగావళి_ఒడ్డున

రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించి ఒక మాట కలుపుతాను. అన్నంతోపాటు టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. నిమ్మరసంలోని సీ విటమిన్ ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది గానీ పూర్తిగా కాదు. భోజనానికి గంట అటో ఇటో ఇవ్వండి.

ఆమదాలవలస_పాసింజర్

ఐసు గురించి ఎవరూ అనలేదు. మా వైపు పెళ్లిళ్లకు చేపల రవాణాకు వాడే ఐసు దిమ్మలు తెచ్చి పగలగొట్టి పానీయాల్లో వేయడం చూస్తున్నాను. అది తాగడానికి చేసిన ఐసు కాదు. ఆ దిమ్మలను డబ్బాల చుట్టూ పేర్చి బయట నుంచి చల్లబరచడానికే వాడాలి.

బొబ్బిలి_వీణ

ఇంట్లో అయితే మిగిలిన టీనే ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించండి. అది కరిగినా టీ పలుచబడదు. నిమ్మరసం కూడా కాయలు చవకగా ఉన్నప్పుడు పిండి ట్రేలో గడ్డ కట్టించి ఉంచుకుంటే, ఎండాకాలంలో ధర పెరిగినప్పుడు పనికివస్తుంది. 2022 ఏప్రిల్‌లో కిలో నిమ్మ రెండు వందల రూపాయలు దాటినప్పుడు మమ్మల్ని ఆదుకున్నది ఆ ట్రేలే.

రాజాం_నిమ్మతోట

అలా ఉంచిన రసానికి పులుపు నిలుస్తుంది గానీ వాసన కొంత తగ్గుతుంది. గ్లాసులో పోశాక ఒక తాజా ఆకో, తొక్క పేలికో వేస్తే ఆ లోటు తెలియదు.

గంటస్తంభం_వీధి

అందరూ చెప్పినవి వరుసగా చేసి చూశాను. శుద్ధి చేసిన నీళ్లు తెర్లాక పొయ్యి ఆపి, పొడి వేసి, రెండు నిమిషాలకు వడకట్టాను. వేడి మీదే పంచదార, ఇంకొంచెం నీళ్లు కలిపి, దబ్బాకు వేసి తీసి, పూర్తిగా చల్లారాక నిమ్మరసం పోశాను. చేదు పోయింది. మబ్బు పూర్తిగా పోలేదు గానీ గ్లాసు అవతల వేలు కనిపించేంత తేటగా ఉంది. ఆకు టీ తెప్పించి వీణ గారి పద్ధతిలో కూడా చేశాను, అది ఇంకా తేటగా వచ్చింది. మా ఇంట్లో మాత్రం టెక్కలి గారి వేడి పద్ధతికే ఎక్కువమంది ఓటు వేశారు.

వచ్చే నెల మా ఇంట్లో ఒక శుభకార్యం ఉంది. యాభై మందికి ఒకేసారి ఇవ్వాలంటే కొలతలు ఎలా తీసుకోవాలి? చిక్కటి డికాషన్ ముందురోజే చేసి ఉంచి, మర్నాడు నీళ్లు కలిపితే సరిపోతుందా?

బొబ్బిలి_వీణ

యాభై మందికి చన్నీళ్ల పద్ధతి చేయాలంటే అంత ఫ్రిజ్ ఎవరింట్లోనూ ఉండదు. ఈసారికి టెక్కలి గారికే వదిలేస్తున్నాను.

టెక్కలి_టీకొట్టు

చిక్కటి డికాషన్‌ను అలాగే చల్లార్చకండి. నాగావళి గారు చెప్పిన మబ్బు అందులోనే ఎక్కువగా కడుతుంది. వేడిగా ఉండగానే నీళ్లు కలిపేయాలి. ముందురోజు కూడా వద్దు, ఆ ఉదయమే చేయండి.

యాభై మందికి మనిషికి 200 మిల్లీలీటర్ల చొప్పున పది లీటర్లు కావాలి. అందులో మూడు లీటర్లు ఐసు కరిగి వస్తుందని లెక్క వేసుకోండి. మూడు లీటర్ల నీళ్లు తెర్లించి పొయ్యి ఆపి, సీటీసీ అయితే 60 గ్రాములు వేసి రెండు నిమిషాలకు, ఆకు టీ అయితే 100 గ్రాములు వేసి నాలుగు నిమిషాలకు వడకట్టండి. వెంటనే 700 గ్రాముల పంచదార కరిగించి, కాచి ఉంచుకున్న నాలుగు లీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి చల్లారనివ్వండి. ఇరవై ఐదు కాయల రసం తీసి విడిగా చల్లగా ఉంచి, ఇచ్చే ముందు కలపండి. తీపి వద్దన్నవారి కోసం పంచదార వేయకముందే ఒక జాడీ పక్కకు తీసి ఉంచుకోండి.

రాజాం_నిమ్మతోట

కాయలు ముప్పై తీసుకోండి. ఎండాకాలపు కాయలో రసం తక్కువగా ఉంటుంది. పిండే ముందు బల్ల మీద అరచేత్తో అదిమి దొర్లిస్తే రసం తేలికగా దిగుతుంది. దబ్బాకులు కావాలంటే చెప్పండి, మా తోట నుంచి రాజాం బస్సులో పంపిస్తాను.

గంటస్తంభం_వీధి

తప్పకుండా పంపండి. కార్యం తేదీ, ఆకులు ఎన్ని కావాలో విడిగా సందేశం పెడుతున్నాను.